ఇంకిన పెట్రోలు, తేలని బిల్లు

రీయింబర్స్‌మెంట్ అనే మాట అర్థం కావడానికి తెలుగునాట నిఘంటువు అక్కర్లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం కాలేజీలు, ఆరోగ్యశ్రీ బకాయిల కోసం ఆసుపత్రులు ఎన్నిసార్లు గోడు వెళ్లబోసుకున్నాయో పేపరు చదివేవాళ్లందరికీ తెలుసు. ముందు మీరు పెట్టుకోండి, తర్వాత మేమిస్తాం అని సర్కారు అన్న ప్రతిచోటా ఆ ‘ముందు’కీ ‘తర్వాత’కీ నడుమ ఎవరో ఒకరు నలుగుతారు. అమెరికాలో గ్యాస్ స్టేషన్ల యజమానులు మూడు దశాబ్దాలు దాటి ఇలాగే నలుగుతున్నారు. భూమిలో పాతిన ట్యాంకు కారితే చుట్టూ ఉన్న మట్టినీ నీటినీ శుభ్రం చేయించడం వాళ్ల బాధ్యత. అందుకైన ఖర్చును రాష్ట్రం పెట్టిన నిధి నుంచో, బీమా కంపెనీ నుంచో తిరిగి రాబట్టుకోవడం వాళ్ల తిప్పలు. గ్యాస్ స్టేషన్లు, వాటిని ఆనుకుని ఉండే కిరాణా దుకాణాలు కొనుక్కుని స్థిరపడిన తెలుగువాళ్లు అక్కడ చాలామందే ఉన్నారు కాబట్టి ఈ తగాదా మనకు మరీ దూరపుదేమీ కాదు.

సంగతంతా ట్యాంకు దగ్గర మొదలవుతుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా రోడ్ల పక్కన లేచిన స్టేషన్లలో ఉత్త ఉక్కు ట్యాంకులు పాతిపెట్టారు. తుప్పును ఆపే ఏర్పాటు గాని, రెండో గోడ గాని వాటికి లేదు. ఇరవై ముప్పై ఏళ్లలో చిల్లులు పడ్డాయి. పెట్రోలు మట్టిలోకి దిగి, భూగర్భ జలాన్ని అందుకుని, దాని వెంట ఇరుగుపొరుగు బావులదాకా నడిచింది. 1983 డిసెంబరులో ‘సిక్స్‌టీ మినిట్స్’ టీవీ కార్యక్రమం ఈ సంగతి బయటపెట్టాక దేశం ఉలిక్కిపడింది. మరుసటి ఏడాదే కాంగ్రెస్ చట్టం తెచ్చింది. 1988లో పర్యావరణ సంస్థ ఈపీఏ నిబంధనలు రాసి, పాత ట్యాంకులను బాగుచేయడానికో తీసేయడానికో 1998 డిసెంబరు 22 దాకా గడువిచ్చింది. అప్పట్లో 20 లక్షలకు పైగా ఉన్న ట్యాంకులు ఇప్పుడు ఐదున్నర లక్షల లోపుకు దిగాయి. ఇంతవరకు ధ్రువపడిన లీకులు ఐదున్నర లక్షలు దాటాయి. వాటిలో చాలావరకు శుభ్రమయ్యాయి గాని, 50 వేలకు పైగా స్థలాల్లో పని ఇంకా మిగిలే ఉంది.

లీకు దొరకడమే ఒక పెద్ద కథ. మన బంకుల్లో డిప్ రాడ్ దించి చూసినట్టే అక్కడా చాలాకాలం కొలకర్రతోనే చూశారు. రోజూ ట్యాంకులో ఎంత ఉంది, ట్యాంకరు ఎంత పోసింది, పంపుల్లో ఎంత అమ్ముడైంది లెక్క రాసి, నెలాఖరుకు తేడా చూస్తారు. ఆ తేడా నెల అమ్మకంలో 1 శాతానికి 130 గ్యాలన్లు కలిపినంత లోపు ఉంటే ఫెడరల్ నిబంధన ప్రకారం లెక్క సరిపోయినట్టే. నెలకు లక్ష గ్యాలన్లు అమ్మే స్టేషన్‌కు ఇది 1,130 గ్యాలన్లు, అంటే 4,200 లీటర్లకు పైమాటే. అంత పెట్రోలు నేలపాలైనా పుస్తకం తప్పు పట్టదు. అందుకే ఈ పద్ధతి ఒక్కదాన్నీ నమ్మకుండా ఐదేళ్లకోసారి ట్యాంకు బిగువు పరీక్ష చేయాలన్నారు, పదేళ్ల తర్వాత వేరే పద్ధతికి మారాలన్నారు. ఇంకో విచిత్రం ఉంది. పాత ట్యాంకులను పైకి తీసినప్పుడు చాలాసార్లు చిల్లు సరిగ్గా నింపే గొట్టం కిందే కనిపించేది. ఏళ్ల తరబడి కొలకర్ర మొన పొడిచి పొడిచి అడుగు అక్కడ అరిగిపోయేది. తర్వాత వచ్చిన ట్యాంకుల్లో ఆ చోట ప్రత్యేకంగా ఒక రేకు వేయడం మొదలుపెట్టారు.

ట్యాంకు పైకి తీసే రోజును దగ్గరగా చూస్తే తగాదా ఎక్కడ పుడుతుందో కంటికే కనిపిస్తుంది. మిగిలిన పెట్రోలు తోడేస్తారు. ఆవిరి అంటుకోకుండా లోపల డ్రై ఐస్ వేస్తారు. కాంక్రీటు కోసి, ఎక్స్‌కవేటర్‌తో మట్టి తవ్వి, గొలుసులు వేసి ట్యాంకును లేపుతారు. గోతిలో మట్టి సహజమైన రంగు పోయి బూడిద, పచ్చ కలిసినట్టు ఉంటే, వాసన ముక్కుకు గుప్పున కొడితే, అక్కడున్న అందరికీ విషయం అర్థమైపోతుంది. అప్పుడిక యజమాని నిలబడి ఆలోచించుకునే వ్యవధి ఉండదు. లీకు అనుమానం వస్తే 24 గంటల్లో అధికారులకు చెప్పాలి. వ్యాప్తిని ఆపే పనులు వెంటనే మొదలుపెట్టాలి. 20 రోజుల్లో ఒక నివేదిక, 45 రోజుల్లో స్థలం పరిశీలన వివరాలు ఇవ్వాలి. యంత్రం, మనుషులు, మట్టి మోసే లారీలు అన్నీ అక్కడే ఉన్నాయి. ఇంకో పదడుగులు తవ్వేస్తే చెడ్డ మట్టి పోతుంది. తవ్వాలా? ఖర్చు తిరిగిచ్చే నిధి మాత్రం ముందు ప్రణాళిక, బడ్జెట్ పంపండి, ఆమోదించాక తవ్వండి అంటుంది. ఇల్లినాయ్ నిబంధనలు చూడండి. తొలి దశలో ట్యాంకు బయటి అంచు నుంచి 4 అడుగుల దాకా తీసిన మట్టికే డబ్బు వస్తుంది. ఐదో అడుగు మట్టి కూడా అంతే వాసన కొడుతున్నా, ఆమోదం లేకుండా తీస్తే ఆ ఖర్చు యజమాని నెత్తినే. ఆగి, ఆమోదం వచ్చాక మళ్లీ యంత్రం తెప్పిస్తే మొత్తం ఖర్చు పెరుగుతుంది, ఈలోగా వాన పడితే కాలుష్యం ఇంకా కిందికి దిగుతుంది. ఒక చట్టం త్వరపడమంటుంది, ఇంకో నిబంధన ఆగమంటుంది. నా దృష్టిలో ఈ రంగంలోని తగాదాల్లో సగానికి మూలం ఇక్కడే ఉంది.

అసలు నిధులు ఎందుకు పుట్టాయో కూడా చెప్పుకోవాలి. 1988 నిబంధనలు ప్రతి యజమానీ శుద్ధి ఖర్చు భరించగలనని రుజువు చూపాలన్నాయి. పెట్రోలు వ్యాపారులైతే ఒక్కో ఘటనకు 10 లక్షల డాలర్లు, నెలకు 10 వేల గ్యాలన్ల లోపు వాడే ఇతరులైతే 5 లక్షల డాలర్లు. మట్టి ఒక్కటే చెడితే ఖర్చు కొన్ని వేలు, పదివేల డాలర్లలో పోవచ్చు. నీరు చెడితే లక్ష దాటుతుంది, ఒక్కోసారి 10 లక్షలూ దాటుతుంది. పెద్ద చమురు కంపెనీలు సొంత బలంతో రుజువు చూపాయి. ఊరిచివర ఒకే ఒక స్టేషన్ నడిపేవాడికి ఆనాడు బీమా ఇచ్చే దిక్కు దాదాపు లేదు. అందుకే రాష్ట్రాలు గ్యాలనుకు ఇంత అని రుసుము వేసి నిధులు పెట్టాయి. ఇప్పటికీ ముప్పైకి పైగా రాష్ట్రాల్లో అవి నడుస్తున్నాయి. ఫెడరల్ ప్రభుత్వానికి గ్యాలనుకు సెంటులో పదో వంతు పన్నుతో నడిచే మరో నిధి ఉంది. దాని డబ్బు పర్యవేక్షణకు, బాధ్యులు దొరకని చోట్లకు వెళ్తుంది గాని యజమాని బిల్లు తీర్చడానికి కాదు. ఈ రెంటినీ కలగలిపి మాట్లాడేవాళ్లు చాలామంది.

తొలినాళ్లలో నిధులు ఎంత ఉదారంగా మొదలయ్యాయో అంత గట్టిగా దెబ్బతిన్నాయి. ఫ్లోరిడా 1986లోనే చట్టం చేసి, లీకు ఉందని తమంతట తాము చెప్పుకున్నవాళ్లకు ఖర్చు తిరిగిస్తానన్నది. బిల్లులు వరదలా వచ్చాయి. పని ముందు, లెక్క తర్వాత కాబట్టి కాంట్రాక్టరుకు ఖర్చు తగ్గించుకోవాల్సిన అవసరమే కనిపించలేదు. 1995 నాటికి చెల్లించాల్సిన బకాయి 50 కోట్ల డాలర్లు దాటి, ఆ పద్ధతిని ఆపేయాల్సి వచ్చింది. 1996 నుంచి ముందస్తు ఆమోదం ఉంటేనే పని. పాత బకాయిలు తీర్చడానికి బాండ్లు అమ్మడానికి ఒక కార్పొరేషన్‌నే పెట్టారు. మిచిగన్ కథ ఇంకా చేదు. 1988లో గ్యాలనుకు ఒక సెంటులో ఎనిమిదింట ఏడు వంతుల రుసుముతో మొదలైన నిధి 1995 జూన్ 29తో కొత్త క్లెయిములకు తలుపు మూసేసింది. ఆ మర్నాడు లీకు కనుక్కున్నవాడికి పైసా రాలేదు. ఆ రాష్ట్రంలో మళ్లీ ఒక సంస్థకు చట్టం రావడానికి 2014 దాకా పట్టింది. టెక్సాస్ 1998 డిసెంబరు 22 లోపు తెలియజేసిన లీకులకే నిధి వర్తిస్తుందని గీత గీసింది, 2012తో ఆ చెల్లింపులూ ముగించింది. డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఇవాళ స్టేషన్ నడిపే మనవాడికి ప్రైవేటు బీమాయే గతి.

కాలిఫోర్నియా నిధి 1989 చట్టంతో పుట్టి ఇంకా నిలబడి ఉంది. గ్యాలనుకు 2 సెంట్ల రుసుము దానికి ఆధారం. దరఖాస్తుదారులను నాలుగు తరగతులు చేశారు. ఇళ్ల దగ్గర ట్యాంకులున్నవాళ్లు ముందు, చిన్న వ్యాపారులు తర్వాత, మధ్యస్థులు ఆ తర్వాత, పెద్ద కంపెనీలు చివర. ఈ వరస న్యాయమైనదే. అయితే వరసలో చివరనున్నవాళ్లు ఏళ్ల తరబడి ఎదురుచూశారు. చెల్లింపులు ఇంతగా పేరుకుపోవడంతో అసలు ప్రతి స్థలాన్నీ చివరి చుక్కదాకా శుభ్రం చేయాలా అన్న ప్రశ్న వచ్చింది. ముప్పు తక్కువగా ఉన్న స్థలాల కేసులు మూసేయవచ్చని 2012లో అక్కడి జల మండలి ఒక విధానం ప్రకటించింది. పెట్రోలులోని కొన్ని పదార్థాలను మట్టిలోని సూక్ష్మజీవులు కాలక్రమంలో తినేస్తాయన్నది దాని వెనకున్న శాస్త్రం. శాంటా మోనికాలో 1996లో పెట్రోలులో కలిపే ఎంటీబీఈ అనే రసాయనం చేరి నగర బావులు మూతపడటం చూసిన జనానికి మాత్రం ఆ మాట అంత తేలిగ్గా రుచించలేదు. ఎంటీబీఈని సూక్ష్మజీవులు అంత సులువుగా ముట్టవు, నీటితో పాటు చాలా దూరం పోతుంది.

ఇక తగాదాల్లోకి వస్తే, మొదటిది అర్హత. ట్యాంకు రిజిస్టరై ఉందా, రుసుములు కట్టారా, లీకు ఎప్పుడు జరిగింది, ఎప్పుడు చెప్పారు. పెన్సిల్వేనియా నిధికి 1994 ఫిబ్రవరి 1 తర్వాతి లీకులే వర్తిస్తాయి, లీకు ధ్రువపడ్డాక 60 రోజుల్లో తెలపాలి. భూమి కింద జరిగిన దానికి తేదీ ఎవరు చెప్పగలరు? అందుకని నిపుణులు మట్టినీ నీటినీ సాక్షులుగా పిలుస్తారు. సీసం కనిపిస్తే పాతది, ఎందుకంటే 1996తో సీసం పెట్రోలు రోడ్డు బండ్లకు పూర్తిగా పోయింది. ఎంటీబీఈ కనిపిస్తే అది వాడిన సంవత్సరాలది. రెండూ కనిపిస్తే? అప్పుడు పాత లీకుకు ఇంత, కొత్త లీకుకు ఇంత అని వాటాలు వేస్తారు. ఆ వాటాల లెక్కలో నిపుణుల ఫీజులే గుదిబండలవుతాయి. రిజిస్ట్రేషన్ రుసుము లీకు జరిగిన నాటికే కట్టి ఉండాలా, క్లెయిము వేసేనాటికి కట్టి ఉంటే చాలదా అన్న ప్రశ్న పెన్సిల్వేనియా అత్యున్నత న్యాయస్థానం మెట్లెక్కింది. రుసుము వందల్లో ఉంటుంది, దానిమీద ఆధారపడిన బిల్లు లక్షల్లో ఉంటుంది.

రెండోది బిల్లు. చట్టాలన్నిటిలో ఉండే మాట ‘సబబైన, అవసరమైన ఖర్చు’. సబబు అంటే ఎంత? కాలిఫోర్నియా మూడు కొటేషన్లు తెమ్మంటుంది. ఇల్లినాయ్ పని పనికీ గరిష్ఠ రేటు నిర్ణయించింది. ఘనగజం మట్టిని టన్నున్నరగా లెక్కగట్టాలని కూడా రాసుకుంది, ఎందుకంటే తవ్వేవాడు గజాల్లో, పారబోసే చోటు టన్నుల్లో లెక్కేస్తే బిల్లు ఎటైనా సాగుతుంది. ఒక చిన్న లెక్క చూద్దాం. ప్రధాన కాంట్రాక్టరు ప్రయోగశాల పరీక్షలను మరొకరికి అప్పగించాడు, బిల్లు 12 వేల డాలర్లయింది అనుకుందాం. ఆ పని చేయించిపెట్టినందుకు ప్రధాన కాంట్రాక్టరుకు ఇల్లినాయ్ చట్టం ఇచ్చేది మొదటి 5 వేలకు 12 శాతం, అంటే 600. మిగిలిన 7 వేలకు 10 శాతం, అంటే 700. మొత్తం 1,300. అయితే ఆ 12 వేలు నిజంగా ప్రయోగశాలకు ముట్టాయని కాగితం చూపాలి. చూపకపోతే 1,300 పోయినట్టే. కాంట్రాక్టరేమో నిధి డబ్బు వచ్చాకే ప్రయోగశాలకు కడతానంటాడు. నిధి కట్టిన రసీదు చూపాకే ఇస్తానంటుంది. ఈ ముడి విప్పలేక ఎంతమంది చిన్న యజమానులు బ్యాంకు అప్పు తెచ్చుకున్నారో. ఆ అప్పు మీద వడ్డీని మాత్రం ‘అవసరమైన ఖర్చు’ కింద లెక్కించరు.

కోత పడితే అప్పీలుకు పోవచ్చు. ఇల్లినాయ్‌లో 35 రోజుల్లో కాలుష్య నియంత్రణ బోర్డును ఆశ్రయించాలి. ఇక్కడ తెలియక దెబ్బతినేవాళ్లు ఎక్కువ. బోర్డు చూసేది నిర్ణయం నాటికి అధికారుల ముందున్న ఫైలునే. అప్పుడు జతచేయని రసీదు, అప్పుడు రాయని వివరణ తర్వాత పనికిరావు. అంటే అసలు వాదన అప్పీలులో కాదు, మొదటి దరఖాస్తులోనే జరిగిపోవాలి.

అధికారుల అనుమానం ఊరికే పుట్టలేదని కూడా ఒప్పుకోవాలి. నిధులు చూపిన గరిష్ఠ రేటునే కనిష్ఠంగా పెట్టుకునే కాంట్రాక్టర్లున్నారు, చేయని పనికి బిల్లు వేసి జైలుకు పోయినవాళ్లూ ఉన్నారు. ఇంకా పెద్ద తప్పు పెద్దవాళ్లది. కొన్ని చమురు కంపెనీలు అదే శుద్ధికి ఒకవైపు సొంత బీమా కంపెనీల నుంచి, మరోవైపు రాష్ట్ర నిధుల నుంచి రెండుసార్లు డబ్బు తీసుకున్నాయని పలు రాష్ట్రాలు కోర్టుకెక్కాయి. కొన్ని కంపెనీలు డబ్బు కట్టి రాజీపడ్డాయి. గ్యాలనుకు సెంటు రెండు సెంట్లు చొప్పున జనం కట్టిన డబ్బు అది. చిన్నవాడి రసీదు దగ్గర అంత పట్టుదల చూపిన వ్యవస్థ ఈ రెండో చెల్లింపును ఏళ్ల తరబడి గమనించకపోవడం నాకు మింగుడుపడని విషయం.

ప్రైవేటు బీమా తగాదాలు వేరే లోకం. పాత వ్యాపార బీమా పత్రాల్లో కాలుష్యానికి పరిహారం లేదని రాసి, ‘హఠాత్తుగా, ప్రమాదవశాత్తు’ జరిగితే మాత్రం ఉందన్నారు. బొట్టు బొట్టుగా పదేళ్లు కారింది హఠాత్తు అవుతుందా? 1989లో జార్జియా సుప్రీంకోర్టు ఆ మాటకు ‘అనుకోకుండా’ అని కూడా అర్థముంది కాబట్టి బీమాదారుకే మొగ్గాలన్నది. మరుసటి ఏడాది మసాచుసెట్స్ న్యాయస్థానం హఠాత్తు అంటే హఠాత్తే, కాలం లెక్కలోకి వస్తుందన్నది. 1991లో మిచిగన్ సుప్రీంకోర్టు ముందుకొచ్చిన అప్‌జాన్ మందుల కంపెనీ కేసు భూగర్భ ట్యాంకుదే. ప్యూర్టోరికోలో ఆ కంపెనీ ట్యాంకు నుంచి రసాయనం కారింది. ట్యాంకులో మట్టం పడిపోతున్నట్టు కంపెనీ ఉద్యోగులు రాసుకున్న కొలతలే దానికి ఎదురుతిరిగాయి. తెలిసి కూడా పోస్తూ ఉంటే అది హఠాత్తు ఎలా అవుతుందన్నారు. 1993లో న్యూజెర్సీ కోర్టు ఇంకో దారి పట్టింది. ఈ షరతు కొత్తగా తగ్గించేదేమీ లేదని బీమా కంపెనీలే నియంత్రణ అధికారులకు చెప్పి ఆమోదం తెచ్చుకున్నాయి కాబట్టి, ఇప్పుడు దాన్ని అక్షరాలా పట్టుకోనివ్వమన్నది. వీటిలో న్యూజెర్సీ తీర్పు వాదమే నాకు గట్టిగా కనిపిస్తుంది. ఇప్పటి ట్యాంకు బీమాల్లో ఆ మాట పోయింది, దాని స్థానంలో తేదీలు వచ్చాయి. పాలసీ కాలంలోనే లీకు బయటపడాలి, ఆ కాలంలోనే క్లెయిము చెప్పాలి, ఫలానా పాత తేదీకి ముందు మొదలైనది చెల్లదు. పాలసీ ముగిశాక ఆరు నెలల దాకా క్లెయిము తీసుకోవాలని ఫెడరల్ నిబంధన ఉంది. కంపెనీ మార్చుకున్న యజమానులు చాలామంది ఈ సంగతే తెలియక హక్కు పోగొట్టుకుంటారు.

మన దగ్గరికి వస్తే లెక్క వేరు. ఎక్కువ బంకుల్లో ట్యాంకులు చమురు కంపెనీలవి, డీలరు నడిపేవాడు. కొత్త బంకు బడికీ, ఆసుపత్రికీ, ఇళ్లకూ 50 మీటర్ల దూరం ఉండాలని 2020 జనవరిలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకాలిచ్చింది. కాలుష్యం చేసినవారే ఖర్చు భరించాలని సుప్రీంకోర్టు 1996లో బిచ్‌డీ గ్రామ కాలుష్య కేసులో స్పష్టంగా చెప్పింది. 1991 నాటి పబ్లిక్ లయబిలిటీ బీమా చట్టం బాధితుల తక్షణ పరిహారానికి ఉద్దేశించింది. ట్యాంకు లీకులో చెడిన మట్టిని, నీటిని బాగుచేయడానికి ప్రత్యేకించి నిధి ఏదీ మనకు లేదు. బావి నీళ్లలో పెట్రోలు వాసన వచ్చిందంటే ఆ ఊరివాళ్లు జాతీయ హరిత ట్రిబ్యునల్‌దాకా పోవాల్సిందే. రేపు ఇక్కడ నిధి పెట్టాలనుకుంటే ఫ్లోరిడా, మిచిగన్ చేసిన తప్పులు ముందుగా చదువుకోవాలి.

ఇన్నేళ్ల అనుభవం చూశాక నా తీర్పు ఇది. ముందస్తు ఆమోదం తప్పదు, అది లేక ఫ్లోరిడా నిధి మునిగింది. ఆమోదించే అధికారికి కూడా యజమానికి పెట్టినట్టే రోజుల గడువు ఉండాలి, గడువు దాటితే ఆమోదమైనట్టే లెక్కించాలి. గోతి తెరిచి ఉన్నప్పుడు కళ్లముందున్న చెడ్డ మట్టిని తీయడానికి అక్కడికక్కడే ఒప్పుకునే అధికారం క్షేత్రస్థాయి ఇన్‌స్పెక్టరుకివ్వాలి. ఆమోదించిన బిల్లు ఆలస్యమైతే వడ్డీ నిధే ఇవ్వాలి. రెండు చోట్ల వసూలు చేసినవాడికి చెల్లించింది వెనక్కి తీసుకోవడంతో సరిపెట్టక జరిమానా వేయాలి.

అమెరికాలో స్టేషన్ కొనబోతున్న తెలుగు కుటుంబాలకు ఒక మాట. అడ్వాన్సు ఇవ్వకముందే ఆ స్థలంలో మట్టి, భూగర్భ జలం నమూనాలు తీయించి, తేదీతో నివేదిక దగ్గర పెట్టుకోండి. ట్యాంకు రిజిస్ట్రేషన్ రుసుముల రసీదులు మొదటి ఏడాది నుంచీ అమ్మేవాళ్లను అడగండి. వాళ్ల పాత బీమా పత్రాల నకళ్లు ఒప్పందంలో భాగంగా రాయించుకోండి. ఆ మూడూ ఇవ్వనంటే ఆ స్టేషన్ వదిలేయండి.